డేటాబేస్ డ్రైవర్ల మరమ్మతు – 4వ పాఠం: బ్యాక్‌స్లాష్‌ను మింగిందెవరు?

గత పాఠంలో కొటేషన్ గుర్తు తిప్పలు చూశాం. ఈసారి బ్యాక్‌స్లాష్ (\), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో. (డ్రైవర్ అంటే ప్రోగ్రాంను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ.)

పరీక్షకు మూడంటే మూడు అక్షరాలు చాలు: అ\బ. దీన్ని మీ ప్రోగ్రాం రోజూ వాడే దారిలోనే టేబుల్లోకి పంపండి. తర్వాత పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కు నేరుగా ఆదేశాలిచ్చే ప్రోగ్రాం) తెరిచి ఆ కాలమ్‌కు లెంగ్త్ అడగండి. తెరమీద కనబడేదాన్ని నమ్మొద్దు. పైథాన్ కన్సోల్ ఒక్క స్లాష్‌నే రెండుగా చూపిస్తుంది. (మైఎస్‌క్యూఎల్‌లో అయితే క్యార్_లెంగ్త్ అడగాలి. అక్కడ ఉత్త లెంగ్త్ బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, కాబట్టి 7 అంటుంది.)

3 వస్తే దారి శుభ్రం.

4 వస్తే ఎవరో అనవసరంగా ఎస్కేప్ చేశారు, అంటే ప్రత్యేక గుర్తును మామూలు అక్షరంగా చదవమని దాని ముందు మరో స్లాష్ చేర్చారు. ఎక్కువసార్లు దొరికే దొంగ మన కోడే: విలువను ఎస్కేప్ ఫంక్షన్‌లో వేసి, మళ్లీ పారామీటర్‌గా (ఎస్‌క్యూఎల్ వాక్యంలో మనం అతికించకుండా విడిగా) పంపడం. ఆ ఫంక్షన్ తీసేయండి.

2 వస్తే స్లాష్‌ను సర్వర్ మింగింది. ప్రోగ్రాం కనెక్షన్ నుంచే 'షో స్టాండర్డ్_కన్ఫార్మింగ్_స్ట్రింగ్స్' నడపండి. పీఎస్‌క్యూఎల్‌లో అడిగితే చాలదు, ఈ సెట్టింగ్ రోల్‌కొకటి (రోల్ అంటే డేటాబేస్ యూజర్), డేటాబేస్‌కొకటి ఉండొచ్చు. 9.1 వెర్షన్ నుంచి డిఫాల్ట్ ఆన్, అంటే స్లాష్ మామూలు అక్షరమే; ఆఫ్ అయితే సర్వర్ దాన్ని ఎస్కేప్ గుర్తుగా తీసుకుని మింగేస్తుంది. పాత అప్లికేషన్ కోసం ఎవరో ఆఫ్ చేసి ఉంటారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి: సర్వర్ ఒక లెక్కన, డ్రైవర్ మరో లెక్కన ఉంటే \' అన్న జంట ఇంజెక్షన్‌కు (బయటివాళ్లు తమ ఎస్‌క్యూఎల్‌ను చొప్పించడానికి) తలుపు తీస్తుంది.

బైటీఏ (బొమ్మల్లాంటి వాటి ముడి బైట్లు దాచే) కాలమ్‌ది వేరే జబ్బు. 9.0 నుంచి సర్వర్ దాన్ని హెక్స్‌లో (ముందు \ఎక్స్, తర్వాత బైట్‌కు రెండేసి అక్షరాలు) పంపుతోంది. అంతకు ముందటి లైబ్రరీకి ఆ రూపం తెలియక, మొదటి స్లాష్‌ను మాత్రం పారేసి మిగతాదంతా అక్షరాలుగానే ఇస్తుంది. 1000 బైట్ల పీఎన్‌జీ బొమ్మ 2001 బైట్లై, 'ఎక్స్89504' అంటూ మొదలవుతుంది. డ్రైవర్ మార్చడమే మందు. అంతవరకు ఆ రోల్‌కు బైటీఏ_అవుట్‌పుట్‌ను ఎస్కేప్‌గా పెట్టండి.

లెంగ్త్ 3 వచ్చినా లైక్‌తో (ప్యాటర్న్ ఇచ్చి వెతికే ఎస్‌క్యూఎల్ మాట) వెతికితే దొరకడం లేదా? డ్రైవర్‌ను తిట్టకండి. లైక్‌కు బ్యాక్‌స్లాష్ సొంత ఎస్కేప్ గుర్తు. అ\బ అని అడిగితే 'అబ'ను వెతుకుతుంది. ప్యాటర్న్‌లో అ\\బ అని రాయాలి.

ఇక పాడైన వరసలు. రెండు స్లాష్‌లను ఒకటి చేసే రీప్లేస్‌ను టేబుల్ మొత్తం మీద నడపొద్దు: విండోస్ షేర్డ్ ఫోల్డర్ చిరునామాలు న్యాయంగానే \\తో మొదలవుతాయి. తప్పు కోడ్ ఎక్కిన తేదీ నుంచి వచ్చిన వరసలే ఏరి, ముందు సెలెక్ట్‌తో చూసుకుని, ట్రాన్సాక్షన్‌లో సరిచేయండి.