చదువుకూ పార్టీకీ ఉన్న లంకెను లెక్కగట్టడం: అమెరికా డేటాతో

"డిగ్రీ ఉన్నవాళ్లంతా డెమోక్రాట్లేనట" అనే మాట ప్రతి అమెరికా ఎన్నిక తర్వాతా వాట్సాప్‌లో తిరుగుతుంది. అందులో నిజం ఎంతో సొంతంగా తేల్చుకోవడానికి ఒక ఎక్సెల్ షీటు, ఉచితంగా దొరికే సర్వే డేటా, ఓ పూట ఓపిక చాలు.

ముందు ఏది కొలుస్తున్నారో ఖాయం చేసుకోండి. అక్కడ "ఫలానా పార్టీ మనిషి" అన్నదానికి మూడు అర్థాలున్నాయి. ఓటరు నమోదులో రాయించుకున్న పార్టీ ఒకటి. టెక్సాస్, జార్జియా, వర్జీనియా లాంటి రాష్ట్రాల్లో ఆ గడే ఉండదు. సర్వేలో అడిగితే నోటితో చెప్పే పార్టీ రెండోది. వేసిన ఓటు మూడోది. మన దగ్గర సభ్యత్వమంటే రసీదు, కార్డు. ఆ లెక్క అక్కడ కుదరదు. ఈ మూడింటినీ ఒకే పట్టికలో కలిపితే మొదట్లోనే దారి తప్పుతారు.

నోటితో చెప్పే పార్టీకి జనరల్ సోషల్ సర్వే మంచి ఆధారం. షికాగో విశ్వవిద్యాలయంలోని ఎన్‌ఓఆర్‌సీ సంస్థ 1972 నుంచి దీన్ని నడుపుతోంది. అందులో చదువు 0 నుంచి 4 వరకు ఉంటుంది: 0 హైస్కూలు దాటనివాళ్లు, 1 హైస్కూలు, 2 రెండేళ్ల కాలేజీ, 3 బ్యాచిలర్స్, 4 పీజీ ఆపైన. పార్టీ 0 (గట్టి డెమోక్రాట్) నుంచి 6 (గట్టి రిపబ్లికన్) దాకా. 3 ఎటూ మొగ్గనివాళ్లు, 7 ఇతర పార్టీలు.

పార్టీ కాలమ్‌లోని 0, 1, 2 అంకెల్ని డెమోక్రాట్లుగా, 4, 5, 6ను రిపబ్లికన్లుగా కలపండి. 3ను విడిగా ఉంచండి, 7ను తీసేయండి. చాలామంది 2, 4 అంకెలవాళ్లను "స్వతంత్రులు"లో పడేస్తారు. వాళ్లు "నాకు పార్టీ లేదు" అంటూనే ఎక్కువగా ఒకవైపే ఓటేస్తారు, కాబట్టి అలా చేస్తే అసలు లంకె మసకబారుతుంది. 25 ఏళ్లలోపువాళ్లను కూడా పక్కన పెట్టండి. ఇంకా కాలేజీలో ఉన్న కుర్రాడు అంకెల్లో "హైస్కూలు"గానే కనిపిస్తాడు. సర్వేతో వచ్చే వెయిట్ కాలమ్‌ను (శాంపిల్‌లో ఎక్కువ తక్కువైన వర్గాల్ని జనాభా నిష్పత్తికి సరిచేసే అంకె) వాడడం మరవద్దు. 2016లో రాష్ట్రాల పోల్స్ తప్పడానికి ఒక కారణం ఇదే: చదువుకున్నవాళ్లు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు, చాలా సంస్థలు దాన్ని చదువు వెయిట్‌తో సరిచేయలేదు.

శాతాలు చదువు వైపు నుంచి వేయండి. "డిగ్రీవాళ్లలో ఎంతమంది డెమోక్రాట్లు" వేరు, "డెమోక్రాట్లలో ఎంతమందికి డిగ్రీ ఉంది" వేరు.

ఇప్పుడు అసలు పని: పట్టికను జాతివారీగా విడగొట్టడం. ఇందుకు ఉదాహరణగా పైన చెప్పిన మూడో అర్థాన్ని, అంటే వేసిన ఓటును తీసుకుందాం. 2020 ఎగ్జిట్ పోల్ అంకెల్ని నాలుగు గళ్లలో పెట్టి చూడండి (మొదటి అంకె మొత్తం ఓటర్లలో వాటా, రెండోది డెమోక్రాట్ల అభ్యర్థి బైడెన్‌కు పడ్డ శాతం):

డిగ్రీ ఉన్న తెల్లవాళ్లు: 32, 51
డిగ్రీ లేని తెల్లవాళ్లు: 35, 32
డిగ్రీ ఉన్న ఇతరులు: 10, 70
డిగ్రీ లేని ఇతరులు: 24, 72

వాటాలు కలిపితే 101 వస్తుంది. రౌండింగ్ వల్ల, కంగారు పడకండి. డిగ్రీ ఉన్నవాళ్ల మొత్తం తేలాలంటే 32ను 51తో, 10ని 70తో గుణించి, కలిపి, 42తో భాగించండి: దాదాపు 55.5. డిగ్రీ లేనివాళ్లకు అదే లెక్క చేస్తే 48.3. తేడా ఏడు పాయింట్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ తెల్లవాళ్లలోనే చూస్తే 51కీ 32కీ మధ్య 19 పాయింట్లు! మిగతావాళ్లలో తేడా దాదాపు లేదు, ఉన్న కాస్తా తిరగబడింది. డిగ్రీ లేనివాళ్లలో నల్లజాతి, లాటినో తదితర ఓటర్ల వాటా ఎక్కువ (59లో 24), వాళ్లు బైడెన్ వైపు బలంగా ఉన్నారు. అందుకే మొత్తం అంకె అసలు చీలికను కప్పేస్తుంది.

ఇదే పట్టికను తిప్పి చూడండి. డిగ్రీవాళ్లలో బైడెన్‌కు 55.5 శాతం పడ్డా, బైడెన్ ఓటర్లలో డిగ్రీ ఉన్నవాళ్లు 45 శాతమే. పైన చెప్పిన రెండు ప్రశ్నల తేడా ఇంత దూరం తీసుకెళ్తుంది.

"సహసంబంధ గుణకం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి కదులుతాయో చెప్పే ఒకే అంకె) ఒక్కటి వేస్తే పోలా?" అనుకోకండి. 1990ల్లో హైస్కూలు దాటనివాళ్లు, పీజీ చేసినవాళ్లు ఇద్దరూ డెమోక్రాట్ల వైపు మొగ్గేవారు. మధ్యవాళ్లు రిపబ్లికన్ల వైపు. అలాంటి వంపును సరళరేఖతో కొలిస్తే సున్నాకు దగ్గర్లో ఏదో వస్తుంది, "లంకె లేదు" అనుకుంటారు. ఐదు స్థాయిల్నీ విడిగా చూసిన తర్వాతే కలపండి. 1950ల్లోనైతే డిగ్రీవాళ్లు రిపబ్లికన్ల బలగం. అందుకే ఏ సంవత్సరమో చెప్పకుండా ఈ లంకె గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదు.

సంవత్సరాల్ని పోల్చేటప్పుడు పద్ధతి మారిందేమో చూసుకోండి. జనరల్ సోషల్ సర్వేలో 2021కి ముందు ఎక్కువగా ఇంటికి వెళ్లి అడిగేవారు. కోవిడ్ వల్ల ఆ ఏడాది ఎక్కువమంది చేత వెబ్‌లో నింపించారు. ఆ రెండిటి మధ్య కనిపించే చిన్న కదలిక జనం మారడం వల్లే కానక్కర్లేదు.

గడిలో 400 మంది ఉంటే పొరపాటు మార్జిన్ దాదాపు 5 పాయింట్లు అటూ ఇటూ. 100 మందే ఉంటే 10. ఆ రెండు గళ్ల మధ్య తేడా 11 పాయింట్లు దాటకపోతే నోరు విప్పకండి. అమెరికాలోని తెలుగువాళ్ల సంగతి ఇందులో వెతికేవాళ్లకూ ఇదే జవాబు. ఒక విడత సర్వే మొత్తం కొన్ని వేల మందే. అందులో భారతీయుల గడి పిడికెడు, తెలుగువాళ్లకు గడే లేదు. పైగా పౌరసత్వం లేనివాళ్లు కూడా శాంపిల్‌లో పడతారు, పార్టీ పేరు చెబుతారు, ఓటు మాత్రం ఉండదు. పౌరసత్వం కాలమ్ ఉన్న విడతల్లో దాన్ని ముందే వడకట్టండి.