పార్ట్‌టైమ్ వాళ్లు కూడా వచ్చేలా ఫ్యాకల్టీ సాయంత్రం

న్యూజెర్సీలో ఒక కమ్యూనిటీ కాలేజీలో నేను లెక్కలు చెప్తాను. మా దగ్గర చాలామంది అడ్జంక్ట్‌లు, అంటే కోర్సుకి ఇంత అని జీతం తీసుకునే పార్ట్‌టైమ్ వాళ్లు. ఒక క్లాసు అవగానే ఇంకో కాలేజీకి కారులో పరుగెడతారు. అందుకే టీచర్లంతా కలిసి తమ క్లాసుల గురించి మాట్లాడుకునే సాయంత్రం ఒకటి పెట్టాలంటే, ముందు వాళ్ల టైమ్‌టేబుల్ చూసి, ఆ తర్వాతే తేదీ పెట్టండి. ఆ సాయంత్రం గడిపే రెండు గంటలకీ వాళ్లకి డబ్బు ఇవ్వమని డీన్‌ని ముందే అడగండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

సాయంత్రం 5:30కి ముందు భోజనం. ఆకలి మీద ఉన్నవాళ్లకి ఏ మాటా ఎక్కదు. శాకాహారం, హలాల్ వంటకాల దగ్గర పేర్లు రాసిపెట్టండి.

మొదటిసారి మేం గంటన్నర ఉపన్యాసం పెట్టించాం. సగం మంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు బల్లకి 5 మంది, అందరూ వేర్వేరు డిపార్ట్‌మెంట్ల వాళ్లు. ప్రతి ఒక్కరూ తమ క్లాసులో సరిగ్గా నడవని అసైన్‌మెంట్ ఒకటి ప్రింట్ తీసి తెస్తారు. మనిషికి 12 నిమిషాలు. అందులో 3 నిమిషాలు చెప్పడం, మిగతాదంతా వినడం. నర్సింగ్ చెప్పే ఆవిడ నా భిన్నాల వర్క్‌షీట్ చూసి, "ఇందులో మందు డోసు లెక్కలు పెట్టండి, మా పిల్లలు చేస్తారు" అన్నారు. అప్పటినుంచి అవే ఇస్తున్నాను.

7:30కి ఆపేయండి. మిగిలిన భోజనం డబ్బాల్లో సర్ది, రాత్రి క్లాసున్నవాళ్ల చేతికివ్వండి.