మృగశిర రాకముందే: లైసెన్సు తుపాకీకి, తూటాలకు తీసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి కార్తె చివరి రోజుల్లో మన పల్లెల్లో గడ్డివాము కప్పుకోవడం, ఇంటి మీది గూన సర్దించుకోవడం, విత్తనాల సంచులను ఎత్తు మీదికి చేర్చడం ఏటా జరిగే పనులే. పరకాల, నర్సంపేట, ములుగు వైపు కొన్ని పాత ఇళ్లలో తాతల కాలం నుంచి లైసెన్సు మీద వస్తున్న 12 బోరు తుపాకీ కూడా ఉంటుంది గానీ, వానలు పడేలోగా దాన్నీ ఒకసారి చూసుకోవాలన్న ఆలోచన చాలామందికి రాదు. సైన్యం నుంచి రిటైరై, హన్మకొండలో ఒక బ్యాంకుకు 14 ఏళ్లు గార్డుగా పనిచేసిన నాకు తెలిసినంతలో, వానాకాలంలో తుపాకీ కంటే తూటా విషయంలోనే ఎక్కువ భయపడాలి. తుపాకీ గొట్టానికి పట్టిన తుప్పు కంటికి కనిపిస్తుంది. తూటా లోపలికి చేరిన చెమ్మ మాత్రం కాల్చేదాకా బయటపడదు.

12 బోరు తూటాకు ఇత్తడి అడుగు, దాని నడుమ దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల ఆ నిప్పుకు పేలే మందు, మందు మీద వ్యాడ్ అనే బిళ్ల, ఆపైన సీసపు గుండ్లు, వీటన్నిటినీ పట్టి ఉంచే ప్లాస్టిక్ లేదా అట్ట గొట్టం ఉంటాయి. అట్ట తూటా చెమ్మకు ఉబ్బితే, తుపాకీ గొట్టం వెనుక తూటా కూర్చునే ఛాంబర్‌లో దూరదు, బలవంతంగా దూర్చినా కాల్చిన తర్వాత బయటికి రాదు. పాత ఫొటోల్లో దొరల నడుముకు కనిపించే తోలు బెల్టు చూడటానికి బాగుంటుంది గానీ, తూటాలను అందులోనే వదిలేయకూడదు. తోలును పదును చేయడానికి వాడిన పదార్థాలు ఇత్తడిని తిని ఆకుపచ్చని చిలుము పట్టిస్తాయి. చిలుము పట్టకుండా నూనె పూయడం అంతకంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ నూనె మెల్లగా ప్రైమర్‌లోకి ఇంకి దాన్ని చంపేస్తుంది. తూటాను పొడి గుడ్డతో తుడవడమే సరి.

తూటాల పెట్టె ఎక్కడ ఉంచాలన్నది ఇంకా ముఖ్యమైన విషయం. రైతు ఇంట్లో తాళం పడే గది ఒక్కటే ఉంటే యూరియా సంచులు, పురుగుమందు డబ్బాలు, తుపాకీ అన్నీ అందులోకే చేరతాయి, ఆ గదికి ఆనుకొని పశువుల కొట్టం ఉంటుంది. ఆంగ్లేయుల పాలనలో మన దేశంలోని సైనిక శిబిరాల్లో వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ పెట్టిన తూటాల ఇత్తడి గొట్టాలు ఎవరూ ముట్టకుండానే నిలువునా చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా చెమ్మతో కలిసి, తయారీలో బిగువెక్కిన ఇత్తడిని పగలగొడుతోందని 1921లో గాని స్పష్టంగా తేలలేదు. పశువుల మూత్రం నుంచీ, తడిసి కరిగిన యూరియా నుంచీ వచ్చేది ఆ అమోనియాయే. గొట్టం మొత్తం ఇత్తడితోనే ఉండే .315 రైఫిల్ తూటాలకు, .32 రివాల్వర్ తూటాలకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి కొట్టానికీ, ఎరువులకూ, ఇన్వర్టర్ బ్యాటరీకీ దూరంగా, నేలకు ఎత్తులో, ఇంటి నడిమి గదిలోని ఇనుప అల్మారాలో, రబ్బరు అంచున్న గట్టి మూత డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచులు వేసి తూటాలను ఉంచాలి. నీలం రంగు జెల్ గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. రేకుల కింది అటక పనికిరాదు. ఎండాకాలం అక్కడి వేడికి మందు త్వరగా పాడవుతుంది, వానాకాలం అక్కడే మొదట కారుతుంది. తుపాకీ ఒక తాళంలో, తూటాలు మరొక తాళంలో ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

తుపాకీని శుభ్రం చేసే ముందు తూటాల డబ్బాను గది బయట పెట్టి, తుపాకీని మడిచి (గొట్టాలు కిందికి వాలి వెనుక భాగం తెరుచుకునేలా), రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూడటమే కాక, ఛాంబర్‌లో వేలు పెట్టి కూడా నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత గొట్టంలోంచి లాగే తాడైన పుల్‌త్రూకు పొడి గుడ్డపీలిక కట్టి మురికి పోయేదాకా లాగి, చివరగా తుపాకీ నూనెను పలచగా పట్టించాలి. కొబ్బరినూనె వాడితే కొన్ని నెలలకు జిగురై మీటల మధ్య అంటుకుపోతుంది. కాన్వాసు సంచిలో, తోలు తొడుగులో పెట్టి గోడకు తగిలించే అలవాటు మానుకోవాలి, అవి చెమ్మను పీల్చి ఇనుముకే అందిస్తాయి.

బ్యాంకు గార్డులకు జరిగే సాధనలో ఒకసారి నా పక్కన నిలబడ్డ సహోద్యోగి పాత తూటా కాల్చినప్పుడు ఎప్పటి చప్పుడు రాలేదు, తడిసిన టపాకాయలా తుస్సుమంది, తుపాకీ వెనక్కి తన్ని భుజానికి తగలాల్సిన దెబ్బ కూడా తగల్లేదు. ఆయన దాన్ని తీసేసి రెండో తూటా పెట్టబోతుండగా అక్కడి శిక్షకుడు చెయ్యి పట్టుకొని ఆపి, తుపాకీ మడిపించి, వెనుక వైపు నుంచి గొట్టంలోకి చూపించాడు: అవతలి వెలుతురు కనిపించవలసిన చోట వ్యాడ్ అడ్డంగా ఇరుక్కొని ఉంది. రెండో తూటా పేలి ఉంటే గొట్టం ఆయన ఎడమ చేతి దగ్గరే పగిలేది. చప్పుడు తగ్గినా, దెబ్బ తగ్గినా వెంటనే ఆగి, ఖాళీ చేసి, గొట్టం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూడకుండా మరొకటి కాల్చకూడదు. ట్రిగ్గర్ నొక్కినా అసలు పేలకపోతే, మూతిని మనుషులు లేని దిక్కుకే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగిన తర్వాతే తెరవాలి, ఎందుకంటే చెమ్మగిల్లిన ప్రైమర్ ఆలస్యంగా అంటుకోవచ్చు. మక్కచేలో అడవి పందుల అలికిడి విని చీకట్లో హడావుడిగా బయలుదేరేవారికి ఇంత ఓపిక ఉండదు. అధికారం ఉన్నవారి రాతపూర్వక అనుమతి లేకుండా పంది మీద తుపాకీ ఎత్తడమే నేరమన్నది అటుంచి.

తడిసిన తూటాను విప్పి, మందు ఎండబెట్టి మళ్లీ నింపుకోవచ్చుననే మాట ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. టెక్సాస్‌లో ఉండే మా మేనల్లుడు ఇంట్లోనే ప్రోగ్రెసివ్ ప్రెస్ అనే యంత్రం మీద పిస్టల్ తూటాలు నింపుకుంటాడు. పిడి ఒకసారి లాగితే పళ్లెం ఒక గడి తిరిగి, ఒక ఖాళీ తూటా గొట్టంలో ప్రైమర్, ఇంకొకదానిలో మందు, మరొకదానిలో బులెట్ ఒకేసారి పడతాయి. ఫోన్ మోగి పని మధ్యలో ఆగితే పళ్లెం మీది గొట్టాలన్నీ తీసి, మందు వెనక్కి పోసి, మొదటి నుంచి మొదలుపెడతాడు. పిస్టల్ మందు గొట్టంలో అడుగుకే సరిపోతుంది కాబట్టి, పొరపాటున రెండుసార్లు పడినా పైకి పొర్లదు, తెలియదు, ఆ తూటా తుపాకీనే పగలగొడుతుంది. బల్ల మీద ఒకే రకం మందు, కళ్లకు అద్దాలు, తూకానికి సన్నని త్రాసు, మందు తయారీదారు అచ్చువేసిన కొలతల పుస్తకం లేనిదే అతడు పని మొదలుపెట్టడు. అక్కడి చట్టం దానికి ఒప్పుకుంటుంది. ఇక్కడ మన చేతిలోని లైసెన్సు పుస్తకం తుపాకీని, తూటాలను ఉంచుకోవడానికే. తూటాల తయారీకి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం వేరే లైసెన్సు కావాలి, అది లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. చాకుతో తూటా మూతి విప్పేవాడికి ఆ త్రాసూ ఉండదు, ఆ పుస్తకమూ ఉండదు. తడిసినవాటిని ఎండలోనో పొయ్యి పక్కనో ఆరబెట్టడం, చెరువులో పారేయడం, పెరట్లో పూడ్చడం కూడా అంతే తప్పు.

2023 జులై 26, 27 తేదీల మధ్య 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. అలాంటి రాత్రి ఎవరూ తుపాకీ గురించి ఆలోచించరు, ఆలోచించకూడదు కూడా, మనుషులు ముందు. అందుకే వాగు పక్క ఇళ్లవారు, వానాకాలంలో ఇల్లు వదిలి పిల్లల దగ్గరికి వెళ్లేవారు, పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో గానీ ముందే డిపాజిట్ చేయడం మేలు. లైసెన్సు పుస్తకాన్ని మాత్రం ప్లాస్టిక్ కవరులో భూమి పట్టాల పక్కనే ఉంచుకోవాలి. నీళ్లలో తుపాకీ గానీ తూటా గానీ కొట్టుకుపోతే ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తడిసిన తూటాలను స్టేషన్‌లో గానీ ఆ దుకాణంలో గానీ అప్పగించేటప్పుడు రసీదులో వాటి సంఖ్యను అంకెల్లోనే కాక అక్షరాల్లో కూడా రాయించుకోవాలి. ఒకసారి నా రసీదులో 17 అన్నది 11గా కనిపించడంతో, ఆ ఆరు తూటాలు ఏమయ్యాయో చెప్పుకోవడానికి నేను రెండు నెలలు తిరిగాను.