పడమటి గోడతో మొదలుపెట్టండి

సస్టైనబుల్ డిజైన్, అంటే పర్యావరణానికి భారం కాకుండా కట్టడం అనగానే మన జూనియర్ ఆర్కిటెక్టులు చాలామంది నేరుగా సోలార్ ప్యానెల్స్ దగ్గరికో గ్రీన్ రేటింగ్ దగ్గరికో వెళ్లిపోతారు. అవీ కావాలి, కాదనను. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 200 గజాల్లో ఇల్లు కట్టుకునే కుటుంబానికి ముందుముందు వచ్చే కరెంటు బిల్లు చాలావరకు మీరు గీసే మొదటి స్కెచ్‌లోనే ఖాయమైపోతుంది. ఆ బాధ్యత క్లయింటుదీ కాదు, మేస్త్రీదీ కాదు, మనదే.

ముందు సైట్‌కి వెళ్లండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాదు, మధ్యాహ్నం మూడున్నరకి వెళ్లి ఓ అరగంట నిలబడండి. పక్కింటి నీడ ఎక్కడిదాకా వస్తోంది, గాలి ఎటునుంచి వీస్తోంది, ఉన్న వేపచెట్టు కొట్టకుండా పార్కింగ్ జరపొచ్చా, ఇవేవీ ఫోన్లో ఫొటోలు చూస్తే తెలియవు.

తర్వాత ఎండ లెక్క. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కాబట్టి మే రెండో వారానికి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, డిసెంబరు చివర్లో దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తుకి దిగిపోతాడు. అందుకే దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ వేస్తే చాలు, వేసవి ఎండ ఆగుతుంది, చలికాలంలో కాస్త వెలుగు లోపలికొస్తుంది. పడమరకి కూడా అదే వేసి వదిలేస్తే మాత్రం లాభం లేదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా దాని కిందనుంచి దూరి నేరుగా మంచం మీద పడుతుంది. అక్కడ జాలీ (చిల్లుల గోడ), నిలువు ఫిన్స్ (కిటికీ బయట నిలబెట్టే పలకలు), వరండా ఏదో ఒకటి పెట్టండి, కుదరకపోతే కిటికీనే చిన్నది చేయండి.

మన దగ్గర అసలు చిక్కు వాస్తుతో వస్తుంది. మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలోనే ఉండాలంటారు, పైగా దక్షిణం, పడమర తక్కువ ఖాళీ వదలమంటారు, దాంతో చెట్టుకీ చోటుండదు. పగలంతా కాగిన గోడ రాత్రి పదింటికి కూడా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. దీని మీద క్లయింటుతో వాదనకి దిగకండి. నైరుతి బరువుగా ఉండాలని అదే వాస్తు చెప్తుంది కదా, దాన్నే పట్టుకోండి. “నైరుతి బరువుండాలి కదండీ, అందుకే ఈ గోడ తొమ్మిదంగుళాలు, దీన్నానుకుని కింద నుంచి పైదాకా వార్డ్‌రోబ్” అంటే ఇంటిపెద్దలు సంతోషంగా ఒప్పుకుంటారు. మెట్లు పడమటి వైపు పెట్టినా వాస్తు చూసేవాళ్లు ఎక్కువమంది అభ్యంతరం చెప్పరు, ఆ మెట్లే వెనక గదికి గొడుగవుతాయి.

నా తొలి రోజుల్లో ఎలివేషన్ బాగుంటుందని ఒక ఇంట్లో పడమటి హాలుకి పదడుగుల గ్లాసు పెట్టాను. రెండేళ్లకి వెళ్తే ఆ గ్లాసుకి లోపలినుంచి పాత దుప్పటి కట్టి ఉంది, ఆ ఇంటి పెద్దావిడ మధ్యాహ్నాలు వంటగది పక్కన చాప వేసుకుని పడుకుంటున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మంచినీళ్లిచ్చి కూర్చోమన్నారు. అప్పటినుంచి ఎవరైనా ఫోన్లో గ్లాసు బిల్డింగ్ ఫొటో చూపించి ఇలాగే కావాలంటే, ఫీజు పోయినా సరే, పడమరకి వద్దనే చెప్తున్నాను. మీరూ చెప్పండి.

గోడ విషయానికొస్తే, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్ మన ఎండలకీ బాగా పనికొస్తుంది. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు, మధ్యలో బోలు మిగులుతుంది, ఇటుక దాదాపు 25 శాతం తగ్గుతుంది, లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది. మన మేస్త్రీలకి అలవాటు లేదు కాబట్టి డ్రాయింగ్ చేతిలో పెట్టి వచ్చేయకుండా, పక్కనే ఉండి నాలుగడుగుల నమూనా గోడ కట్టించండి. అది లేచాక మిగిలిన ఇటుకలు ఎన్నో మేస్త్రీయే లెక్కపెట్టుకుంటాడు. సిమెంటు, స్టీల్ తగ్గాలంటే సాయిల్ టెస్ట్ లేకుండా ఫౌండేషన్ డిజైన్ ఒప్పుకోకండి. భయం కొద్దీ వేసే అదనపు కడ్డీలు ఎవరికీ పనికిరావు.

స్లాబ్ మీద ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటో టైల్సో వేయించండి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకి దీన్ని తప్పనిసరి చేసింది, మీ క్లయింటుది 200 గజాలే అయినా వేడి అదే వేడి. వాన నీళ్ల లెక్క కూడా క్లయింటు ముందే కాగితం మీద వేసి చూపించండి: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు, వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ అంటే 93 చదరపు మీటర్లు, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే 74 వేల లీటర్లు. వృథా పోను 60 వేలు మిగిలినా 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. ట్యాంకర్ కోసం పొద్దున్నే ఫోన్లు చేసిన ఇల్లాలికి ఇంకేమీ వివరించక్కర్లేదు.

గృహప్రవేశం భోజనంతో పని అయిపోయిందనుకోకండి. మరుసటి మే నెలలో ఒక రాత్రి తొమ్మిదింటికి ఆ ఇంటికెళ్లి, పడమటి గోడ మీద లోపలివైపు అరచెయ్యి ఆనించి చూడండి, ఏసీ ఎన్ని గంటలు వేస్తున్నారో అడిగి రాసుకోండి, తర్వాతి ప్లాన్ గీసేటప్పుడు ఆ కాగితం టేబుల్ మీద పెట్టుకోండి.