పోస్ట్‌గ్రెస్‌లో కమిట్ కాకుండా ఉండిపోయిన ట్రాన్సాక్షన్‌ను పట్టుకోవడం ఎలా?

సర్వర్‌లో సీపీయూ ఖాళీగానే ఉంటుంది, డిస్క్ మీదా లోడ్ ఉండదు. అయినా ఒక మామూలు అప్‌డేట్ నిమిషాల తరబడి కదలదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇలా జరిగితే ముందు అనుమానించాల్సింది, ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా జరిగే పనులు) బిగిన్ చేసి కమిట్ (ఖాయం) గానీ రోల్‌బ్యాక్ (రద్దు) గానీ చేయకుండా వదిలేసిన కనెక్షన్‌ని. అది ఏ పనీ చేయదు, పట్టుకున్న లాక్‌లనూ, అంటే ఇతరులను ఆపే తాళాలనూ వదలదు.

1. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూలో స్టేట్ దగ్గర ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని ఉన్న వరసలు తీయండి. ఉత్త ‘ఐడిల్’ అని ఉన్నవాటితో టెన్షన్ లేదు, అవి పని కోసం కాచుకున్న కనెక్షన్లు. చివర ‘అబార్టెడ్’ అని కూడా ఉంటే, లోపల ఏదో స్టేట్‌మెంట్‌కు ఎర్రర్ వచ్చినా అప్లికేషన్ రోల్‌బ్యాక్ పంపలేదని అర్థం.

2. అదే వరసలో రెండు టైములు చూడండి. ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ అంటే ట్రాన్సాక్షన్ మొదలైన టైము, స్టేట్_చేంజ్ అంటే చివరిసారి స్థితి మారిన టైము. ఇప్పుడు 11:40 అనుకుందాం. రెండూ 10:55 దగ్గరే ఉంటే ఎవరో తెరిచి మర్చిపోయారు. మొదటిది 10:55, రెండోది 11:39 అయితే మర్చిపోలేదు, ఏదో బ్యాచ్ జాబ్ మొత్తం పనిని ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టి ఆగి ఆగి నడుస్తోంది. రెంటికీ మందు వేరు.

3. క్వెరీ కాలమ్ చూసి మోసపోకండి. అక్కడ కనిపించేది ఆ కనెక్షన్ చివరగా నడిపిన క్వెరీ మాత్రమే. అమాయకమైన సెలెక్ట్ కనిపిస్తుంది, లాక్ తీసుకున్నది మాత్రం దానికి ముందు నడిచిన అప్‌డేట్ కావచ్చు. ఆగిపోయిన క్వెరీ పీఐడీని (ప్రాసెస్ నంబర్‌ను) పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్‌కు ఇస్తే ఎవరు అడ్డం ఉన్నారో చెబుతుంది. వచ్చిన పీఐడీ కూడా ఇంకొకరి కోసం ఆగి ఉండొచ్చు, కాబట్టి క్యూ మొదటి దాకా వెళ్లండి. ఉత్త సెలెక్ట్ చేసి వదిలేసిన ట్రాన్సాక్షన్ వెనక ఒక ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణాన్ని మార్చే కమాండ్) ఆగితే, ఆ ఆల్టర్ వెనక అదే టేబుల్ మీద వచ్చే సెలెక్ట్‌లన్నీ ఆగుతాయి. అందరూ ఆల్టర్‌నే తిడతారు!

4. బ్యాకెండ్_ఎక్స్‌ఐడీ, బ్యాకెండ్_ఎక్స్‌మిన్ కాలమ్‌లలో ఏదైనా విలువ ఉంటే ఇంకో నష్టం కూడా ఉంది. ఆ ట్రాన్సాక్షన్ తర్వాత పాతబడిన వరసలను వాక్యూమ్ (పనికిరాని వరసలను ఊడ్చే ప్రక్రియ) తీసేయడం కుదరదు, టేబుళ్లు ఉబ్బుతూ పోతాయి.

5. అది ఎవరిదో అప్లికేషన్_నేమ్, క్లయింట్_యాడర్ చెబుతాయి. మధ్యలో పీజీబౌన్సర్ (కనెక్షన్లను పంచిపెట్టే ప్రోగ్రామ్) ఉంటే అడ్రస్ దానిదే కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ సైకోపీజీ2లో ఆటోకమిట్ (ప్రతి స్టేట్‌మెంట్‌నూ వెంటనే కమిట్ చేయడం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, సెలెక్ట్ చేసినా ట్రాన్సాక్షన్ తెరుచుకుంటుంది. నా అనుభవంలో సగం కేసులు ఈ రకమే.

6. ఆ కనెక్షన్‌ను తెంచే ముందు దాని వరసను కాపీ చేసి పెట్టుకోండి, తెంచాక ఆధారం మిగలదు. పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్ ఇక్కడ పనికిరాదు, ఆపడానికి నడుస్తున్న క్వెరీ అంటూ లేదు కదా. పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ వాడాలి. కమిట్ కాని మార్పులన్నీ పోతాయి, ఆ అప్లికేషన్ వాళ్లకు ముందే ఒక మాట చెప్పండి.

7. మళ్లీ రాకుండా ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్ పెట్టండి. ఇది 9.6 వెర్షన్ నుంచి ఉంది, డిఫాల్ట్ 0, అంటే ఆఫ్. మొత్తం సర్వర్‌కు కాకుండా ఆల్టర్ రోల్‌తో అప్లికేషన్ యూజర్‌కు మాత్రం పెట్టడం నయం. ఆ తర్వాత కోడ్‌లో బిగిన్‌కూ కమిట్‌కూ మధ్య పేమెంట్ గేట్‌వే కాల్ గానీ, మెయిల్ పంపడం గానీ ఉందేమో వెతికి బయటకు తీయించండి.