కొత్త టర్బో వేసినా లారీ నీలిపొగ ఆగకపోతే

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో మార్చి వారం తిరగకముందే లారీ మళ్ళీ నీలిపొగ వదులుతోందని, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ విప్పితే ఆయిల్ కారుతోందని, కాబట్టి వేసిన టర్బో నాసిరకమేనని చెబుతూ చిత్తూరులోని మా షెడ్డుకు వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. నేను మొదట అడిగేది ఎయిర్ ఫిల్టర్ గురించే. గ్రానైట్ దుమ్ములో తిరిగే బండికి ఫిల్టర్ పూడుకుపోతే, గాలి అందని టర్బో షాఫ్టు దగ్గరి ఆయిల్‌నే లోపలికి లాగేస్తుంది. ఫిల్టర్ విప్పి చూడకుండా టర్బో విప్పేవారికి ఇంకేం చెప్పినా దండగే.

ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా పొగ వస్తుంటే, అనుమానించవలసింది టర్బోలోని ఆయిల్‌ను ఇంజిన్‌కు తిరిగి పంపే ఆయిల్ రిటర్న్ పైపును. టర్బో షాఫ్టుకు ఉండేది రబ్బరు సీలు కాదు. పిస్టన్ రింగు వంటి సన్నని లోహపు రింగు మాత్రమే. ఆయిల్ పంపు ఒత్తిడితో పైనుంచి వస్తుంది కానీ, తిరిగి ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబరులోకి తన బరువుతో తానే జారాలి. ఆ దారిలో ఏ కొంచెం అడ్డు తగిలినా, ఎటూ పోలేని ఆయిల్ రింగును దాటి హోస్‌లోకి, సైలెన్సరులోకి చేరి, మండి నీలిపొగ అవుతుంది.

ఈ పాఠం నాకు రెండు టర్బోల ఖరీదుకు వచ్చింది. ఒక మామిడి సీజన్‌లో బెంగళూరు లోడుతో మొగిలి ఘాట్ ఎక్కిన బండి రెండుసార్లు పొగతోనే వెనక్కి వచ్చింది. మూడోసారి రిటర్న్ పైపు విప్పి టార్చి వేసి చూస్తే, గ్యాస్కెట్‌కు నేనే దట్టంగా పూసిన పేస్టు లోపలికి పొంగి, చిటికెనవేలంత మందాన గడ్డకట్టి, సగం రంధ్రాన్ని మూసేసి ఉంది. అప్పటినుంచి ఆ గ్యాస్కెట్‌ను పొడిగానే వేస్తున్నాను. దాని రంధ్రం పైపు రంధ్రానికి సరిగ్గా కూర్చుందో లేదో పట్టి చూస్తున్నాను. పైపులోని మసిని డీజిలుతో కడిగి గాలి కొట్టాలి, ఎక్కడా మడత పడనీయకూడదు.

పైపు బాగుంటే, ఇంజిన్ లోపలి గ్యాసు బయటికి పోయే దారి అయిన బ్రీదర్ చూడాలి. ఇంజిన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూతను విప్పి, రంధ్రం మీద బోర్లా పెట్టండి. మూత ఎగిరిపడితే లోపల ఒత్తిడి పేరుకున్నట్లే. బ్రీదర్ హోస్ ఊడదీయగానే అది తగ్గితే హోస్ పూడినట్టు. తగ్గకపోతే ఇంజిన్ పిస్టన్ రింగులు అరిగినట్టు, అప్పుడు ఎన్ని టర్బోలు మార్చినా పొగ పోదు.

మానిఫోల్డ్ (పొగను టర్బోకు చేర్చే గొట్టం) పగుళ్ళు, వేస్ట్‌గేట్ (టర్బో ఒత్తిడిని అదుపు చేసే వాల్వు) వంటివి ఈ పొగకు కారణాలు కావు. వాటి జోలికి పోనక్కరలేదు.

టర్బో బిగించే ముందు ఇంటర్‌కూలర్‌ను దించి అందులోని పాత ఆయిల్‌ను పూర్తిగా వంచేయాలి. లేకుంటే ఆ ఆయిలే మండి ఇంజిన్ అదుపు తప్పి రేజ్ కావచ్చు. తరువాత టర్బో ఆయిల్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, డీజిల్ అందకుండా చేసి సెల్ఫ్ తిప్పుతూ, రిటర్న్ పైపు కింద పెట్టిన డబ్బాలో ఆయిల్ ధారగా పడడం కంటితో చూశాకే ఆ పైపు బిగించి ఇంజిన్ స్టార్ట్ చేయాలి.