సొంతంగా సర్జరీ పాఠాలు – 6: గజ్జల హెర్నియాలో అపెండిక్స్

పోయిన పాఠంలో గజ్జల్లో హెర్నియాను నిలబెట్టి, పడుకోబెట్టి, దగ్గించి ఎలా పరీక్ష చేయాలో చూశాం. ఈసారి దగ్గించినా కదలని హెర్నియా.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే యాభై ఏళ్ల హమాలీ వచ్చాడనుకోండి. కుడి గజ్జలో ఉబ్బు మూడేళ్లుగా ఉంది. పడుకుంటే లోపలికి పోయేది, నిన్న రాత్రి నుంచి పోవడం లేదు. చెయ్యి వేయనివ్వడం లేదు, చర్మం ఎర్రబడింది, జ్వరం. ఇంట్లోవాళ్లు "పేగు జారి ఇరుక్కుందండీ" అంటారు, మనమూ కేస్ షీటులో అదే రాసేస్తాం. రాసేముందు అడగండి: వాంతులయ్యాయా? పొట్ట ఉబ్బిందా? గాలి పోతోందా? పేగు పూర్తిగా ఇరుక్కుంటే వాంతులవుతాయి, పొట్ట ఉబ్బుతుంది, గాలి ఆగిపోతుంది. ఇతనికి గాలి పోతోంది, పొట్ట మెత్తగా ఉంది. అంటే హెర్నియా సంచిలో (ఉబ్బులోకి జారిన పొట్ట లోపలి పొర) పేగు గోడ ఒక పక్క మాత్రమే చిక్కి ఉండొచ్చు, కొవ్వు పొర ఉండొచ్చు, అపెండిక్స్ కూడా ఉండొచ్చు. మన జనం 24 గంటల నొప్పి అనే జబ్బు, అంటే అపెండిక్స్ వాపు, గజ్జల్లో దాక్కుంటే, బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు దిగే ఆ నొప్పి కథ చాలాసార్లు వినపడదు. అందుకే ఎక్కువగా టేబుల్ మీదే బయటపడుతుంది.

ఇలా గజ్జల హెర్నియా సంచిలో అపెండిక్స్ ఉంటే దాని పేరు అమ్యాండ్ హెర్నియా. 1735లో లండన్‌లో సర్జన్ క్లాడియస్ అమ్యాండ్ 11 ఏళ్ల పిల్లవాడి హెర్నియా తెరిస్తే, గుండుసూది వల్ల చిల్లు పడిన అపెండిక్స్ కనిపించింది. తీసేశాడు, పిల్లవాడు కోలుకున్నాడు. రికార్డుల్లో ఉన్న మొదటి విజయవంతమైన అపెండిక్స్ ఆపరేషన్ అదే. ఈథర్ మత్తు రావడానికి ఇంకా నూరేళ్లకు పైనే ఉంది. ఆ పిల్లవాడు ఎంత ఓర్చుకున్నాడో!

ఎర్రబడి నొప్పిగా ఉన్న ఉబ్బును చేత్తో లోపలికి తోయకండి. హౌస్ సర్జన్‌గా ఒక రాత్రి నేను తోశాను. ఉబ్బు పోయింది, రోగి హమ్మయ్య అన్నాడు. తెల్లారేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. చీమును నేనే కడుపులోకి పంపాను.

ఆపరేషన్‌కు ముందే ఇంటివాళ్లతో మాట్లాడండి, మెష్ (బలహీనమైన చోట వేసే వల) గురించి కూడా. "మా బావకి మెష్ వేశారు కదండీ, మాకూ వేస్తారా?" అని అడుగుతారు. "లోపల చీముంటే వేయమమ్మా, కుట్లతోనే బిగిస్తాం. మళ్లీ జారే అవకాశం కొంత ఎక్కువ" అని చెప్పి, అపెండిక్స్ తీయాల్సి రావచ్చని, పొట్ట తెరవాల్సి రావచ్చని కూడా సంతకం కాగితంలో రాయండి.

సంచి దొరికాక తొందరపడొద్దు. గోడను రెండు ఆర్టరీ ఫోర్సెప్స్‌తో (పట్టుకునే పట్టకార్లు) పైకెత్తి, వేళ్ల మధ్య నలిపి చూడండి. లోపలిది జారిపోయి పలచటి పొర మాత్రమే మిగిలిందని తెలిశాకే చిన్న గాటు పెట్టండి. చీము వస్తే కల్చర్‌కు (ఏ క్రిమో తేల్చే పరీక్ష) పంపండి, కడుపులోకి దిగకుండా సంచి మెడ దగ్గర గాజ్ గుడ్డ అడ్డుపెట్టండి. అపెండిక్స్ కొన వాచిందని అక్కడే ఆగిపోవద్దు. మొదలు కనిపించేదాకా మెల్లగా బయటికి తీయండి. మొదలు బాగుండి చేతికందితే, రక్తనాళం ముడివేసి, మొదలు కట్టి, కోసేయండి. అందకపోయినా, లోపల్నుంచి చీము వస్తున్నా గజ్జల్లోంచే పెనుగులాడొద్దు, పొట్ట తెరవాలి.

మెష్ సంగతి సంచి తెరిచాకే తేల్చాలి. లోసనాఫ్, బాసన్ అనే సర్జన్లు 2007లో అమ్యాండ్ హెర్నియాకు చేసిన వర్గీకరణ సారం ఇదే. అపెండిక్స్ మామూలుగా ఉంటే లోపలికి పంపి మెష్ వేయొచ్చు. ఊరికే తీసేయడం నాకు ఇష్టం లేదు, శుభ్రంగా ఉన్నచోట మురికి చేసినట్టవుతుంది. వాచి ఉంటే తీసేసి, మెష్ లేకుండా బస్సీనీ లేదా షోల్డైస్ పద్ధతిలో సొంత కండరాలతోనే కుట్టాలి.

సాధన: సంచి తెరిచారు. అపెండిక్స్ కొన కాస్త ఎర్రగా ఉంది, చీము లేదు, మొదలు బాగుంది. తీస్తారా, మెష్ వేస్తారా? కారణంతో నోటుబుక్కులో రాయండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.